తోమించడం ఒకటి, నేర్పడం ఒకటి

సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి రెండు పెద్ద రోడ్లు పోతాయి. ఒకటి బోయిన్‌పల్లి, సుచిత్ర, కొంపల్లి దాటి మేడ్చల్ వైపు వెళ్లే నాగపూర్ రోడ్డు. రెండోది అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట చేరి కరీంనగర్‌కు సాగే రాజీవ్ రహదారి. ఒకప్పుడు ఈ రెండు రోడ్ల మధ్య ద్రాక్షతోటలు ఉండేవి. ఇప్పుడు ఒకపక్క జీనోమ్ వ్యాలీలో మందుల కంపెనీలు, ఇంకోపక్క మేడ్చల్ పారిశ్రామికవాడ షెడ్లు, నడుమ అపార్ట్‌మెంట్లు, బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఉండే రేకుల గదులు. పాత ఊళ్లు వీటి మధ్యలో అట్లాగే ఉన్నాయి.

ఈ ఇళ్లలో కొన్నింట్లో పెరుగుతున్న పిల్లల గురించి ఇవాళ మాట్లాడతాను. ఏ పనైనా నేర్చుకోవడానికి తోటివాళ్ల కంటే ఎక్కువ కాలం పట్టే పిల్లలు వీళ్లు. ఒకప్పుడు బుద్ధిమాంద్యం అని రాసేవారు, ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు. డౌన్ సిండ్రోమ్ పిల్లలు, ఆటిజం ఉన్నవాళ్లలో, సెరిబ్రల్ పాల్సీతో చెయ్యి బిగుసుకుపోయినవాళ్లలో చాలామంది కూడా ఈ పిల్లల్లోకి వస్తారు. చదవడంలో, రాయడంలో మాత్రమే ఇబ్బందిపడే డిస్లెక్సియా పిల్లల సంగతి వేరు. వాళ్లకు బ్రష్షుతో పేచీ ఉండదు.

పేచీ ఉన్న ఇంట్లో పొద్దున ఏడు గంటలు ఎలా ఉంటుందో చాలామందికి తెలుసు. బడి ఆటో వచ్చే టైము. పొయ్యి మీద అన్నం. అమ్మ ఒక చేత్తో పిల్లాడి గడ్డం పట్టుకుని, ఇంకో చేత్తో నాలుగు రుద్దులు రుద్ది, చెంబెడు నీళ్లు పోసి మూతి తుడిచేస్తుంది. అర నిమిషంలో అయిపోతుంది. పిల్లాడు మూడేళ్లవాడైనా అంతే, పన్నెండేళ్లవాడైనా అంతే. అమ్మను ఏమీ అనడానికి లేదు, ఆ అర నిమిషమే ఆమెకు దొరికేది. కానీ అలా ఏళ్ల తరబడి జరిగితే పిల్లాడికి ఒక్క సంగతే అర్థమవుతుంది. బ్రష్షు కనిపించిందంటే ఎవరో తనను గట్టిగా పట్టుకోబోతున్నారని.

అందుకే నేను చెప్పదలచుకున్నది ఒకటే. పళ్లు తోమించడం ఒక పని, తోముకోవడం నేర్పడం ఇంకో పని. రెండూ ఒకే నిమిషంలో కానిచ్చేద్దామంటే రెండూ చెడతాయి. పొద్దున తొందరలో మీరే తోమించండి, అందులో తప్పేమీ లేదు. నేర్పడం మాత్రం రాత్రి అన్నం తిన్న తరువాత పెట్టుకోండి. ఆ వేళకు ఆటో రాదు, కుక్కర్ కూత వేయదు. పైగా నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పళ్లను కడిగే నీరు నోట్లో చాలదు. కాబట్టి రాత్రి తోముకున్నదే పళ్లను ఎక్కువ కాపాడుతుంది.

ఇన్ని సమస్యలున్న పిల్లాడికి పళ్లే ఒక సమస్యా అని అడిగే తాతలు, నానమ్మలు ఉంటారు. ఫిట్స్ ఆపాలి, నడక రావాలి, మాట రావాలి, ఆ తరువాత కదా పళ్లు అంటారు. నిజమే అనిపిస్తుంది. కానీ మాట రాని పిల్లాడికి పన్ను నొప్పి వస్తే ఏం చేస్తాడు? చెంప మీద కొట్టుకుంటాడు, తల గోడకు బాదుకుంటాడు, అన్నం నెట్టేస్తాడు, రాత్రంతా ఏడుస్తాడు. మొండితనం పెరిగిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నోరు తెరిచి చూసేసరికి దవడ పన్ను పుచ్చిపోయి ఉంటుంది. మామూలు పిల్లాడికైతే కుర్చీలో కూర్చోబెట్టి పది నిమిషాల్లో చేసే వైద్యాన్ని, కదలకుండా కూర్చోలేని ఈ పిల్లలకు చాలాసార్లు పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషన్ థియేటర్‌లో చేయాల్సి వస్తుంది. ఆ ఖర్చు, ఆ భయం ఒక్కసారి చూసినవాళ్లు బ్రష్షును చిన్నచూపు చూడరు.

ఈ పిల్లల పళ్లకు ముప్పు ఎక్కువ కావడానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఫిట్స్‌కు, దగ్గుకు ఇచ్చే సిరప్పులు చాలావరకు తియ్యగా ఉంటాయి. పడుకోబోయే ముందు తాగించి అలాగే పడుకోబెడితే తీపి రాత్రంతా పళ్లనే అంటుకుని ఉంటుంది. ముందు సిరప్పు, తరువాత బ్రష్షు అని వరస మార్చితే చాలు. ఫెనిటోయిన్ అనే ఫిట్స్ మందు కొందరిలో చిగుళ్లను ఉబ్బిస్తుంది, నోరు శుభ్రంగా లేకపోతే ఉబ్బు ఇంకా పెరుగుతుంది. అలాగని మందు ఆపకూడదు, డాక్టరుకు చెప్పాలి. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు చిగుళ్ల జబ్బు చిన్న వయసులోనే పట్టుకుంటుంది. కొందరు పిల్లలు ముద్ద మింగకుండా గంటల తరబడి బుగ్గన పెట్టుకుంటారు.

ఇప్పుడు నేర్పడం దగ్గరికి వద్దాం.

పళ్లు తోముకోవడం మనకు ఒక్క పని. కాస్త ఆగి చూస్తే అందులో ఎన్ని పనులున్నాయో లెక్క తేలుతుంది. బ్రష్షు ఎక్కడుందో గుర్తుపట్టాలి. పేస్టు మూత తిప్పాలి, ఎటు తిప్పాలో తెలియాలి. ఒక చేత్తో ట్యూబు నొక్కుతూ రెండో చేత్తో బ్రష్షు కదలకుండా పట్టుకోవాలి. బ్రష్షు నోట్లో పెట్టుకుని కనిపించని చోట రుద్దాలి. నురగ మింగకూడదు, ఉమ్మాలి. నీళ్లు నోట్లో పోసుకోవాలి, అవీ మింగకుండా పుక్కిలించాలి. అమెరికాలో హార్నర్, కీలిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు 1975లో ఈ పనిని 15 మెట్లుగా విడగొట్టి, మేధో వైకల్యం ఉన్న ఎనిమిదిమంది కౌమార వయసు పిల్లలకు నేర్పారు. ఎనిమిదిమందీ ముందుకంటే మెరుగయ్యారు. అందులో ఆరుగురు అన్ని మెట్లూ తప్పులేకుండా చేయగలిగారు.

దీనికోసం మనం అమెరికా దాకా పోనక్కర్లేదు. మేడ్చల్ రోడ్డు మొదట్లోనే, బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో, 1984 నుంచి జాతీయ సంస్థ ఒకటి పనిచేస్తోంది. ఇప్పుడు దాన్ని మేధో వైకల్యం ఉన్నవారి సాధికారత సంస్థ అంటున్నారు గానీ చాలామంది దాన్ని ఇంకా పాత పేరు ఎన్ఐఎంహెచ్‌తోనే పిలుస్తారు. జయంతి నారాయణ్ వంటి ప్రత్యేక విద్యా నిపుణులు పనిచేసిన చోటు. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, పళ్లు తోముకోవడం, ఇలా ఒక్కోదానికి ఒక్కో చిన్న పుస్తకం బొమ్మలతో సహా ఈ సంస్థ ఎప్పుడో తీసుకొచ్చింది. అక్కడ తయారైన చెక్‌లిస్టునే మన ప్రత్యేక పాఠశాలల్లో చాలామంది టీచర్లు వాడతారు. మీ పిల్లాడి రిపోర్టులో ‘పీపీ’ అని ఉంటే చెయ్యి పట్టి చేయించాల్సి వస్తోందని అర్థం. ‘వీపీ’ అంటే నోటితో చెబితే చేస్తున్నాడు. ‘సీ’ అంటే చిన్న సైగ సరిపోతోంది. ప్లస్ గుర్తు ఉంటే తనంతట తానే చేస్తున్నాడు. చాలామంది తల్లిదండ్రులు ఈ అక్షరాలను చూసి మార్కులనుకుని కాగితం మడిచి పెట్టేస్తారు. ఇంటి దగ్గర ఏ చోట చెయ్యి వేయాలో, ఏ చోట తీసేయాలో ఆ కాగితంలోనే ఉంది.

మెట్లుగా విడగొట్టాక మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టాలని ఏమీ లేదు. నేనైతే చివరి నుంచి మొదలుపెట్టమంటాను. మొదటివారం అన్నీ మీరే చేయండి. ఆఖరున తువ్వాలు పిల్లాడి చేతికిచ్చి మూతి మాత్రం వాడినే తుడుచుకోనివ్వండి. అయిపోయింది, శభాష్. అది వచ్చాక బ్రష్షు కడిగి గ్లాసులో పెట్టడం, మూతి తుడుచుకోవడం, ఈ రెండూ వాడివి. ఆ తరువాత పుక్కిలించడం కూడా వాడిదే. ఇలా వెనక నుంచి ఒక్కో మెట్టు వాడి చేతికి వస్తుంది. దీనిలో సుగుణం ఏమిటంటే ప్రతిరోజూ పని ముగించింది వాడే అవుతాడు. మొదటి నుంచి మొదలుపెడితే పేస్టు మూత దగ్గరే ఓడిపోయి, మిగతాది అమ్మ లాక్కుని చేస్తుంటే చూస్తూ నిలబడతాడు.

చెయ్యి పట్టి చేయించడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. పిల్లాడికి ఎదురుగా నిలబడకండి. వెనక నిలబడి, మీ చేతిని వాడి చేతి మీద వేయండి. అప్పుడు మీ కుడి, వాడి కుడి ఒకటే అవుతాయి. ఎదురుగా నిలబడితే అంతా తిరగబడుతుంది, ఈ పిల్లలకు అది మరీ కష్టం. అద్దం ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. మీ చేతి కింద వాడి చేతి కదలిక తెలుస్తోందనుకున్నాక మీ పట్టు మణికట్టు దగ్గరికి జరపండి. ఇంకొన్ని రోజులకు మోచేతి కింద రెండు వేళ్లు ఆనించండి. తరువాత చెయ్యి పూర్తిగా తీసేసి, ఎటు రుద్దాలో వేలితో చూపించండి. తరువాత మాట. తరువాత పక్కన ఊరికే నిలబడడం. సైకిలు నేర్పేవాడు వెనక సీటు వదిలేసి కూడా పక్కనే పరుగెత్తినట్టు, కొన్నాళ్లు పక్కన ఉండాల్సిందే.

తల్లిదండ్రులు, టీచర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చెయ్యి పట్టడం అందరూ చేస్తారు. చెయ్యి తీయడం దగ్గరే ఆగిపోతారు. పట్టుకుంటే పని తొందరగా అవుతుంది, నీట్‌గా అవుతుంది. వదిలేస్తే చొక్కా మీద నురగ పడుతుంది, బ్రష్షు కింద పడుతుంది, ఐదు నిమిషాలు పడుతుంది. పిల్లాడు చేయగలిగిన మెట్టును కూడా పెద్దవాళ్లు చేసేస్తూ ఉంటే, వాడు ఆగి ఎదురుచూడడం నేర్చుకుంటాడు. ఒక మాట చెప్పాక మనసులో పది లెక్కపెట్టి, అప్పటికీ కదలకపోతేనే చెయ్యి వేయండి. మనకు చెప్పిన వెంటనే జరగాలి. చెప్పిన మాట వాడి చేతిదాకా చేరడానికి ఆ పది అంకెలు కావాలి.

మాటలు కూడా తక్కువ ఉండాలి, అందరివీ ఒకటే ఉండాలి. అమ్మ ‘పైన’ అంటుంది, నాన్న ‘మీద’ అంటాడు, నానమ్మ ‘ఇటుపక్క బిడ్డా, ఇటు, అరె ఇటు’ అంటుంది, టీచర్ ఇంగ్లీషులో ‘అప్’ అంటుంది. పిల్లాడికి అవి నాలుగు వేరువేరు పనులు. పైన, కింద, లోపల, ఉమ్ము అనే నాలుగు మాటలు చాలు, వాటిని కాగితం మీద రాసి నల్లా దగ్గర అతికించండి, ఇంట్లో అందరూ అవే అనండి, బడిలోనూ అవే చెప్పించండి.

మాట పట్టని పిల్లలకు బొమ్మలు పనికొస్తాయి. స్వీడన్‌లో పిలెబ్రో, బాక్‌మన్ అనేవారు ఆటిజం ఉన్న 14 మంది పిల్లలకు పళ్లు తోమే వరసను ఫొటోలుగా తీసి స్నానాల గదిలో పెట్టించి చూశారు. ఏడాది తిరిగేసరికి పళ్ల మీద కనిపించే పాచి తగ్గింది, పిల్లల నోరు శుభ్రంగా ఉంచడం మునుపటికంటే తేలికైందని ఎక్కువమంది తల్లిదండ్రులు చెప్పారు. ఆ ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. మేడ్చల్ షెడ్ల పక్కన గదుల్లో తల్లి ఒడియా మాట్లాడుతుంది, టీచర్ తెలుగు మాట్లాడుతుంది. అక్కడ ఫొటో ఇంకా బాగా పనికొస్తుంది. పుస్తకంలో బొమ్మలు అక్కర్లేదు. మీ పిల్లాడే, మీ ఇంటి నల్లా దగ్గరే, సొంత బ్రష్షుతో ఉన్న ఫొటోలు ఐదారు సెల్‌ఫోన్‌తో తీసి ప్రింటు తీయించండి. నీళ్లకు తడవకుండా లామినేషన్ చేయించండి. ఒక్కో మెట్టు అయినకొద్దీ ఆ ఫొటోను తిప్పేయడమో, డబ్బాలో వేయడమో నేర్పితే ఇంకెంత మిగిలిందో వాడికే తెలుస్తుంది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు ‘ఎప్పుడు అయిపోతుంది’ అన్న ప్రశ్నే పెద్ద భయం.

బ్రష్షు నోటికి తగలగానే ఉలిక్కిపడే పిల్లలుంటారు. వాళ్లది మొండితనం అనుకోవద్దు. మెత్తటి కుచ్చు మనకు తెలియనంత గట్టిగా వాళ్లకు గుచ్చుకుంటుంది, పుదీనా ఘాటు మంటలా ఉంటుంది. అలాంటప్పుడు కొన్నాళ్లు బ్రష్షు సంగతి మరిచిపోండి. తడి గుడ్డ వేలికి చుట్టి ముందు చెంప, తరువాత పెదవి, తరువాత చిగురు. ఒక్కో చోట మూడు లెక్కపెట్టి తీసేయండి. అలవాటయ్యాక పొడి బ్రష్షు, ఆ పైన ఘాటు లేని పేస్టు. కొందరికి కరెంటు బ్రష్షు గుయ్‌మనే శబ్దం నచ్చుతుంది, కొందరు దాన్ని చూస్తేనే పారిపోతారు. కొనేముందు ఎవరిదగ్గరైనా వినిపించి చూడడం మేలు, అవి చవకేమీ కాదు.

చెయ్యి బిగుసుకున్న పిల్లలకు సన్నటి పిడి పట్టుకోవడం కష్టం. పాత సైకిలు ట్యూబు ముక్క కోసి పిడికి చుట్టినా, సైకిలు హ్యాండిల్ గ్రిప్పులో బ్రష్షు దూర్చినా, రబ్బరు బంతికి రంధ్రం చేసి అందులో పిడి గుచ్చినా పట్టు దొరుకుతుంది. పది రూపాయల పని. తల చిన్నదిగా, కుచ్చు మెత్తగా ఉన్న బ్రష్షు చూసుకోండి.

ఉమ్మడం రాకపోతే దాన్ని బ్రష్షుతో కలపకండి. పెరట్లో తులసి కోట కాకుండా వేరే ఏదైనా మొక్క చూపించి, నోట్లో నీళ్లు పోసి, ఆ మొక్క మీద ఎవరు దూరంగా పోస్తారో చూద్దామని ఆడించండి. కాగితం ముక్కలు ఊదడం, దీపం ఆర్పడం కూడా పెదవులకు ఆ పనే నేర్పుతాయి. ఉమ్మడం వచ్చేదాకా పేస్టు బియ్యపు గింజంత చాలు. మూడేళ్లలోపు ఎవరికైనా అంతే, ఆపైన బఠాణీ గింజంత. టీవీ ప్రకటనలో బ్రష్షు నిండా వంకర్లు తిప్పి పెడతారే, అది పేస్టు అమ్మేవాళ్ల కొలత.

పేస్టులో ఫ్లోరైడ్ ఉండాలి. ట్యూబు మీద 1000 పీపీఎం అని ఉందో లేదో చూసుకోండి. నల్లగొండ ఫ్లోరోసిస్ చూసిన మనకు ఆ మాట వింటేనే భయం. అక్కడ జరిగింది ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లను పుట్టినప్పటి నుంచీ తాగడం. బఠాణీ గింజంత పేస్టు రుద్ది ఉమ్మేయడంతో దానికి పోలిక లేదు. వేప పుల్ల సంగతి కూడా అడుగుతారు. పెద్దాయన నమిలితే నమలనివ్వండి. నమలడం, పీచు చేసుకోవడం, ఆ పీచుతో రుద్దడం, ఇవన్నీ ఈ పిల్లల చేతికి బ్రష్షు కంటే కష్టమైన పనులు. గొంతులో పుల్ల గుచ్చుకునే ప్రమాదం కూడా ఉంది. బొగ్గు, ఇసుకలాంటి గరుకు పళ్లపొడులు మాత్రం ఎవరికీ వద్దు.

చేసిన పనికి బహుమానం ఇవ్వాలి, అది లేకుండా పనులు నడవవు. మన ప్రత్యేక బళ్లలో టీచర్ బల్ల సొరుగు తీస్తే సాధారణంగా కనిపించేది చాక్లెట్ల డబ్బా. పళ్లు తోమినందుకు చాక్లెట్! నవ్వొస్తుంది గానీ జరుగుతున్నది అదే. తిండి కాని బహుమానాలు చాలా ఉన్నాయి. రైలంటే పడిచచ్చే పిల్లాడికి ఆదివారం మేడ్చల్ స్టేషన్‌లో రైలు చూపించడం, జింకలంటే ఇష్టమున్నవాడిని శామీర్‌పేట జింకల పార్కుకు తీసుకెళ్లడం పెద్ద బహుమానాలు. రోజువారీకి ఫోన్‌లో వాడికి నచ్చిన పాట ఒకటి చాలు. ఆ పాటే రెండు నిమిషాలుంటే అది గడియారం కూడా అవుతుంది.

ఇంత నేర్పినా ఒక పని మాత్రం పెద్దవాళ్లకు మిగులుతుంది. మామూలు పిల్లలకే ఏడెనిమిదేళ్ల దాకా పళ్లన్నీ శుభ్రంగా తోముకునే నేర్పు రాదు. ఈ పిల్లల్లో కొందరికి ఇరవై ఏళ్లకూ రాకపోవచ్చు. వాడు తోముకున్నాక, శభాష్ అన్నాక, ‘ఇప్పుడు నా వంతు’ అని మీరు ఒకసారి తిరిగి తోమాలి. వాడిది సరిగ్గా లేదని చెప్పి కాదు, రోజూ వరస అదే అన్నట్టు. చిన్నపిల్లలైతే తల మీ ఒళ్లో పెట్టి పడుకోబెట్టండి, పెద్దవాళ్లయితే కుర్చీలో కూర్చోబెట్టి వెనక నిలబడి తల మీ ఛాతీకి ఆనించుకోండి. ఆరేళ్లు వచ్చాక పాలపళ్ల వెనకాల, లోపల మూలకు కొత్త దవడ పళ్లు వస్తాయి. ఏ పన్నూ ఊడకుండానే వస్తాయి కాబట్టి అవి కూడా పాలపళ్లే అనుకుని వదిలేస్తారు. అవి జీవితాంతం ఉండాల్సిన పళ్లు, శాశ్వత పళ్లలో ముందుగా పుచ్చేవీ ఎక్కువగా అవే. మీ వంతులో ముందు అక్కడికి పోండి.

బడికి కూడా వాటా ఉంది. సర్వశిక్షా అభియాన్ కాలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మొదలైన భవిత కేంద్రాలు మండలాల్లో పనిచేస్తున్నాయి, ప్రత్యేక పాఠశాలలూ ఉన్నాయి. మధ్యాహ్న భోజనం తరువాత పదిహేను నిమిషాలు నల్లా దగ్గర గడిపితే ఇంట్లో నేర్పింది బడిలో గట్టిపడుతుంది. ఒక్కో బ్రష్షు మీద పేరు బదులు ఒక్కో రంగు టేపు చుట్టండి, పేరు చదవలేని పిల్లలే ఎక్కువ. మూతలేని బ్రష్షులన్నీ ఒకే మగ్గులో తలలు ఆనించి పెట్టకండి.

అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందాలు పిల్లల పళ్లను కూడా చూస్తాయి, అడిగి చూపించండి. దంత వైద్య కళాశాలలు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. సూరారంలో మల్లారెడ్డి కళాశాలలు, జవహర్‌నగర్ దగ్గర ఆర్మీ దంత కళాశాల, నగరంలోకి వెళితే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల. జాతీయ ట్రస్టు నడిపే నిరామయ బీమాలో పేరు నమోదైతే లక్ష రూపాయల దాకా వైద్యఖర్చులకు వీలుంటుంది. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నవారికి అది వర్తిస్తుంది.

డాక్టరు దగ్గరికి నొప్పి వచ్చాకే మొదటిసారి వెళ్లకండి. నొప్పి లేని రోజున, జనం తక్కువుండే వేళ అడిగి వెళ్లండి. మొదటిసారి కుర్చీ పైకి కిందికి కదలడం చూస్తే చాలు, రెండోసారి కూర్చుంటే చాలు. నోరు తెరవడం మూడోసారికి ఉంచండి. వెళ్లేటప్పుడు వాడు రోజూ వాడే బ్రష్షు, పేస్టు సంచిలో పెట్టుకోండి. డాక్టరు ముందే ఒకసారి వాడిని తోముకోమనండి. ఏ మూల వదిలేస్తున్నాడో, ఎక్కడ మీ వంతు ఎక్కువ కావాలో ఆయన అక్కడే చూపిస్తారు. మరుసటి రాత్రి నుంచి ముందు ఆ మూలకే పోవచ్చు.